దూరపు పరుగు క్రీడాకారుల పోషణలో యాంటీ ఆక్సిడెంట్లు

యాంటీ ఆక్సిడెంట్లు (ఆక్సీకరణ నిరోధకాలు) శరీరంలో జరిగే ఆక్సీకరణ చర్యల వలన కణాలకు కలిగే నష్టాన్ని అరికట్టే పదార్థాలు. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ మొదలైన కెరోటినాయిడ్లు, మొక్కలలో లభించే పాలీఫినాల్లు వీటిలో ముఖ్యమైనవి. 3,000 మీటర్ల నుండి 42.195 కిలోమీటర్ల మారథాన్ వరకు, అంతకు మించిన దూరాలు కూడా పరుగెత్తే క్రీడాకారులు సాధారణ వ్యక్తుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రాణవాయువును వినియోగించుకుంటారు. ఈ కారణంగా వారికి యాంటీ ఆక్సిడెంట్లు అధికంగా అవసరమనే అభిప్రాయం ప్రచారంలోకి వచ్చి, మాత్రలు, పొడుల వాడకం పెరిగింది. అయితే ఇవి ఆహారం ద్వారా అందినప్పుడు మేలు చేస్తాయనీ, పెద్ద మోతాదు మాత్రలుగా నిత్యం తీసుకొన్నప్పుడు సాధన ఫలితాన్ని కొంత దెబ్బతీయవచ్చుననీ పరిశోధనలు సూచిస్తున్నాయి. కర్నూలు, కడప ప్రాంతాల వంటి మెట్ట సీమలో దొరికే ధాన్యాలు, ఆకుకూరలు, పండ్లు ఈ అవసరాన్ని చాలావరకు తీర్చగలవు.

నేపథ్యం

కర్నూలు, కడప జిల్లాలు రాయలసీమలోని వర్షాభావ ప్రాంతాలు. ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్లు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత పలుమార్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడింది. 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు - కడప కాలువ (కె.సి. కెనాల్) పరిసరాలలో వరి పండుతుంది. మెట్ట భూములలో జొన్న, కొర్ర, సజ్జ, రాగి, శనగ, కంది, వేరుశనగ సాంప్రదాయిక పంటలు. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం తరతరాలుగా ఇక్కడి ప్రజల ముఖ్యాహారం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం ప్రారంభమైన తరువాత పేద కుటుంబాల భోజనంలో కూడా వరి అన్నం వాటా పెరిగి, చిరుధాన్యాల వాటా తగ్గింది.

ఈ ప్రాంతంలో పరుగు సాధన కేవలం పతకాల కొరకు మాత్రమే జరగదు. పోలీసు కానిస్టేబుల్ నియామకాలలో 1,600 మీటర్ల పరుగు, సైనిక నియామక ర్యాలీలలో 1.6 కిలోమీటర్ల పరుగు దేహదారుఢ్య పరీక్షలో భాగం. క్రీడా పరిభాషలో ఇవి మధ్యదూరపు పరుగులే అయినా, వీటికి సిద్ధమయ్యే యువతీ యువకులు నెలల తరబడి ఎక్కువ దూరాలు పరుగెత్తి సాధన చేస్తారు. ఉద్యోగం ఈ పరుగుపై ఆధారపడి ఉండటం వలన, తక్కువ కాలంలో శక్తి పెంచుతుందని చెప్పే ఏ డబ్బాకైనా ఆకర్షితులయ్యే అవకాశం వీరికి ఎక్కువ. ఇంట్లో సరుకులకు ఖర్చు చేయవలసిన డబ్బు ఆ డబ్బాకు పోతే అసలు పోషణ తగ్గుతుంది. అందువలన యాంటీ ఆక్సిడెంట్ల విషయం ఇక్కడ ఆరోగ్యంతో పాటు కుటుంబ ఆదాయంతో కూడా ముడిపడి ఉన్నది.

పరుగు - ఆక్సీకరణ ఒత్తిడి

కండరాలు శక్తిని ఉత్పత్తి చేసే క్రమంలో జత కాని ఎలక్ట్రాను గల అస్థిరమైన అణువులు ఏర్పడతాయి. వీటిని ఫ్రీ రాడికల్స్ (స్వేచ్ఛా రాడికల్స్) అంటారు. ఇవి కణ పొరలలోని కొవ్వులను, ప్రొటీన్లను, డీఎన్ఏను దెబ్బతీయగలవు. వీటి ఉత్పత్తి, శరీర రక్షణ శక్తిని మించినప్పుడు ఆ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, అలసిపోయే వరకు పరుగెత్తించిన ఎలుకల కండరాలలోనూ కాలేయంలోనూ ఫ్రీ రాడికల్స్ రెండు మూడు రెట్లు పెరిగినట్లు కనుగొన్నారు. ఎండలో, అధిక ఉష్ణోగ్రతలో చేసే వ్యాయామం ఈ ఒత్తిడిని మరింత పెంచుతుంది.

శరీరానికి స్వంత రక్షణ వ్యవస్థ ఉన్నది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు ఫ్రీ రాడికల్స్‌ను నిర్వీర్యం చేస్తాయి. ఈ ఎంజైముల తయారీకి, పనితీరుకు జింకు, రాగి లోహం, మాంగనీసు, ఇనుము, సెలీనియం అవసరం. క్రమబద్ధంగా సాధన చేసేవారిలో ఈ ఎంజైముల శక్తి పెరుగుతుంది. అంటే పరుగు వలన కలిగే ఒత్తిడికి పరుగే కొంత విరుగుడును కూడా సమకూరుస్తుంది.

తరువాతి కాలంలో ఫ్రీ రాడికల్స్‌కు మరొక పాత్ర ఉన్నట్లు తెలిసింది. మితంగా ఏర్పడినప్పుడు అవి కండరాలకు సంకేతాలుగా పనిచేస్తాయి. ఈ సంకేతాల వలననే కండర కణాలలో మైటోకాండ్రియాల సంఖ్య పెరుగుతుంది, రక్షక ఎంజైములు ఎక్కువగా తయారవుతాయి. సాధన వలన దమ్ము పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. కాబట్టి వీటిని పూర్తిగా అణచివేయడం క్రీడాకారునికి లాభదాయకం కాదు.

మాత్రలపై పరిశోధనలు

విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రల ప్రభావంపై పలు దేశాలలో అధ్యయనాలు జరిగాయి. వాటిలో ముఖ్యమైనవి:

* 1993లో ప్రచురితమైన అధ్యయనంలో, దక్షిణాఫ్రికాలో సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగులో పాల్గొన్నవారికి రోజుకు 600 మిల్లీగ్రాముల విటమిన్ సి ఇచ్చారు. పరుగు తరువాతి రెండు వారాలలో మాత్ర తీసుకోనివారిలో 68 శాతం మందికి జలుబు, గొంతునొప్పి వంటి లక్షణాలు రాగా, తీసుకొన్నవారిలో 33 శాతం మందికే వచ్చాయి.
* 2008లో స్పెయిన్ పరిశోధకులు విటమిన్ సి అధిక మోతాదు వలన కండరాలలో మైటోకాండ్రియాల వృద్ధి కుంటుపడుతుందనీ, ఎలుకలలో దీర్ఘకాలం పరుగెత్తే శక్తి పెరుగుదల తగ్గుతుందనీ తెలిపారు.
* 2009లో జర్మనీలో యువకులకు నాలుగు వారాల వ్యాయామంతో పాటు రోజుకు 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. వ్యాయామం వలన ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగుదల వీరిలో కనిపించలేదు. మాత్రలు తీసుకోనివారిలో కనిపించింది.
* 2014లో నార్వేలో 54 మందిపై 11 వారాలు జరిగిన అధ్యయనంలో, విటమిన్ సి, ఇ మాత్రలు తీసుకొన్నవారి పరుగు సామర్థ్యం ఇతరులతో సమానంగానే పెరిగింది. కానీ కండరాలలో మైటోకాండ్రియాల వృద్ధిని సూచించే ప్రొటీన్లు వీరిలో పెరగలేదు.

వీటిని బట్టి మాత్రల వలన పరుగు వేగం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. అతి కఠినమైన పోటీ సమయంలో జలుబు నుండి రక్షణ కొరకు కొన్నాళ్ళు వాడటం ఒక విషయం, నెలల తరబడి సాధన కాలమంతా వాడటం మరొక విషయం. 2017లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 50 అధ్యయనాలను పరిశీలించి, వ్యాయామానంతర కండరాల నొప్పిని యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు చెప్పుకోదగినంతగా తగ్గించవని తేల్చింది.

అధిక మోతాదు హాని చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిగి 1994లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో, బీటా కెరోటిన్ మాత్రలు తీసుకొన్నవారిలో ఊపిరితిత్తుల కాన్సరు 18 శాతం ఎక్కువగా కనిపించింది. విటమిన్ సి మితిమీరితే అందులో కొంత భాగం ఆక్సలేటుగా మారి మూత్రంలోకి చేరుతుంది. చెమట ఎక్కువగా పట్టి మూత్రం చిక్కబడే పొడి వాతావరణంలో ఇది మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడటానికి దోహదం చేయవచ్చు.

స్థానిక ఆహారంలో యాంటీ ఆక్సిడెంట్లు

భారత వైద్య పరిశోధనా మండలి 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం రోజుకు పురుషులకు 80 మిల్లీగ్రాములు, స్త్రీలకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం 100 గ్రాముల జామపండులోనే 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అనగా ఒక మధ్యరకం జామపండు ఆ రోజు అవసరాన్ని తీర్చి మిగులుతుంది. ఈ సంస్థ 1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది.

* ఉసిరి, జామ, నిమ్మ, చీనీ: ఇవి విటమిన్ సి ఇస్తాయి. బత్తాయిని రాయలసీమలో చీనీకాయ అంటారు. పులివెందుల ప్రాంతం చీనీ, అరటి తోటలకు ప్రసిద్ధి.
* బొప్పాయి, మామిడి: వీటిలో కెరోటినాయిడ్లు, విటమిన్ సి లభిస్తాయి. రైల్వే కోడూరు ప్రాంతం ఈ తోటలకు పేరుగన్నది.
* మునగాకు, తోటకూర, గోంగూర: బీటా కెరోటిన్‌తో పాటు ఫోలేట్ అనే బి విటమిన్‌ను కూడా ఇస్తాయి. ఫోలేట్ రక్తకణాల తయారీకి అవసరం. దీని కృత్రిమ రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో తయారు చేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించాడు.
* టమాటా: పత్తికొండ ప్రాంతంలో విరివిగా పండుతుంది. ఇందులోని లైకోపీన్ పచ్చి టమాటాలో కంటే నూనెతో ఉడికించిన కూరలో, పచ్చడిలో శరీరానికి బాగా అందుతుంది.
* ఉల్లి: కర్నూలు మార్కెట్టు ఉల్లికి ప్రసిద్ధి. ఇందులో క్వెర్సెటిన్ అనే పాలీఫినాల్ ఉంటుంది.
* పసుపు: మైదుకూరు, దువ్వూరు ప్రాంతాలలో పండుతుంది. ఇందులోని కర్కుమిన్ శరీరానికి తక్కువగా అందుతుంది. మిరియాలలోని పైపరిన్ ఆ శోషణను పెంచుతుంది.
* వేరుశనగ: దీనిని ఈ ప్రాంతంలో బుడ్డలు, చెనిక్కాయలు అని వ్యవహరిస్తారు. విటమిన్ ఇ, మంచి కొవ్వులు, 100 గ్రాములకు సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. పలుచని ఎర్రపొట్టులో పాలీఫినాల్లు ఉంటాయి కనుక పొట్టుతో తినడం మంచిది.
* రాగి, జొన్న, కొర్ర: వీటి పైపొరలలో ఫినాలిక్ ఆమ్లాలు ఉంటాయి. ఎక్కువగా పాలిష్ చేస్తే ఇవి చాలావరకు పోతాయి. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కొర్ర వంగడాలకు ప్రసిద్ధి. సూర్యనంది ఇక్కడ రూపొందిన వంగడమే. ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది.

ఒక పండులో ఒకే విటమిన్ కాక పీచు, ఖనిజాలు, పలు రకాల పాలీఫినాల్లు కలిసి ఉంటాయి. వాటి మోతాదు మాత్రలలో వలె అధికంగా ఉండదు. అందువలన ఆహారం ద్వారా తీసుకొన్న యాంటీ ఆక్సిడెంట్లు సాధన ఫలితాన్ని దెబ్బతీసినట్లు ఆధారాలు లేవు.

శక్తి, ఇనుము, కాల్షియం లోపాలు

యాంటీ ఆక్సిడెంట్ల కంటే ముందుగా దృష్టి పెట్టవలసిన లోపాలు మూడు.

మొదటిది శక్తి కొరత. ఖర్చు చేసిన శక్తికి తగిన ఆహారం తినకపోతే బరువు తగ్గడం, తరచు జబ్బు పడటం, స్త్రీలలో నెలసరి ఆగిపోవడం, ఎముకలలో ఒత్తిడి పగుళ్ళు రావడం జరుగుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ లక్షణ సముదాయాన్ని ప్రత్యేక స్థితిగా గుర్తించింది. నెలసరి ఆగిపోవడాన్ని కఠిన సాధనకు సహజ ఫలితంగా భావించి వదిలివేయరాదు.

రెండవది ఇనుము లోపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తగ్గితే ఎంత సాధన చేసినా దమ్ము పెరగదు. దూరపు పరుగులో పాదాలు నేలను తాకే ఒత్తిడికి కొన్ని ఎర్రరక్తకణాలు చిట్లిపోతాయి. చెమటలో కొంత ఇనుము పోతుంది. పరుగు ముగిసిన 3 నుండి 6 గంటలలో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి ఇనుము శోషణను తగ్గిస్తుంది. రోజుకు పురుషులకు 19, స్త్రీలకు 29 మిల్లీగ్రాముల ఇనుము సిఫారసు చేయబడినది.

ఇక్కడనే విటమిన్ సి ఎంతో ఉపయోగపడుతుంది. చిరుధాన్యాలు, పప్పులు, ఆకుకూరలలోని ఇనుమును ఫైటేట్లు, టానిన్లు పట్టి ఉంచుతాయి. భోజనంతో పాటు నిమ్మరసం, జామ, ఉసిరి పచ్చడి తీసుకొంటే ఆ ఇనుము శోషణ పెరుగుతుంది. ధాన్యాలను నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వలన ఫైటేట్లు తగ్గుతాయి. రాత్రి పులియబెట్టిన అంబలి, మొలకెత్తిన రాగుల పిండి ఈ విధంగా మేలైనవి. భోజనంతో పాటు లేదా వెంటనే టీ, కాఫీ త్రాగితే ఇనుము శోషణ తగ్గుతుంది కనుక కనీసం గంట వ్యవధి ఉంచాలి.

మూడవది కాల్షియం లోపం. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు అవసరం. 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రెండు పూటల సంగటి, ఒక పూట పెరుగు లేదా మజ్జిగ, అప్పుడప్పుడు మునగాకు కూర ఉంటే ఈ అవసరం చాలావరకు తీరుతుంది. సంగటిలో బియ్యం నూక వాటా పెరిగి రాగిపిండి వాటా తగ్గితే కాల్షియం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఎండ, నీరు, ఉప్పు

వేసవిలో సూర్యోదయానికి ముందు సాధన ముగించడం ఉత్తమం. పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకొంటే పోయిన నీటిని అంచనా వేయవచ్చు. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు నీరు పోయినట్లు. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు, చక్కెర కలిపిన నిమ్మనీరు, అంబలి ఈ లోటును తీరుస్తాయి. రాయలసీమలో వేసవిలో త్రాగే నన్నారి షర్బత్ నీటిని, చక్కెరను ఇస్తుంది. అందులో ఉప్పు ఉండదు కనుక గంటకు మించిన పరుగు తరువాత అది ఒక్కటే సరిపోదు.

దాహానికి మించి అతిగా నీరు త్రాగడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగు క్రీడాకారులలో 13 శాతం మందికి రక్తంలో సోడియం సాధారణ స్థాయి కంటే తగ్గినట్లు తేలింది. తికమక, నడక తడబడటం, స్పృహ తప్పడం వడదెబ్బకు లక్షణాలు. ఇవి కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, శరీరమంతా చన్నీటితో తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వడదెబ్బ నుండి రక్షించవు.

ఒక రోజు ఆహారం

రోజుకు గంట నుండి గంటన్నర పరుగెత్తే 60 కిలోల వ్యక్తికి కిలో బరువుకు 6 గ్రాముల చొప్పున 360 గ్రాముల పిండి పదార్థాలు, 1.4 గ్రాముల చొప్పున సుమారు 84 గ్రాముల ప్రొటీన్ అవసరం. రాగి, జొన్న, బియ్యం కలిపి 400 గ్రాములు, పప్పులు 80 గ్రాములు, వేరుశనగ 60 గ్రాములు, పాలు లేదా పెరుగు అర లీటరు, ఒక గుడ్డు, రెండు పండ్లు ఈ అవసరాన్ని తీరుస్తాయి. దీనిని ఈ క్రింది విధంగా అమర్చుకోవచ్చు.

* పరుగుకు ముందు: ఒక అరటిపండు, నీరు.
* పరుగు ముగిసిన అరగంటలోపు: ఉప్పు వేసిన రాగి అంబలి మజ్జిగతో, ఉడికించిన గుడ్డు, ఒక జామపండు.
* ఉదయం: ఉగ్గాని, వేయించిన పప్పుల పొడి, నిమ్మరసం లేదా జొన్నరొట్టె, ఆకుకూర పప్పు.
* మధ్యాహ్నం: రాగి సంగటి, ఉలవచారు లేదా వేరుశనగ పచ్చడి, గోంగూర, పెరుగు.
* సాయంత్రం: ఉడికించిన శనగలు లేదా అలసందల గుగ్గిళ్ళు, చీనీ పండు.
* రాత్రి: కొర్రన్నం లేదా జొన్నరొట్టె, టమాటా కూర, పచ్చి ఉల్లి, ఒక గ్లాసు పాలు.

మాంసాహారులు వారానికి రెండు మూడు సార్లు కోడి లేదా పొట్టేలు మాంసం చేర్చుకొంటే ఇనుము, జింకు, విటమిన్ బి12 సులభంగా అందుతాయి. శాకాహారులకు బి12 పాల ద్వారా కొంత లభిస్తుంది. లోపం ఉన్నదని పరీక్షలో తేలినవారు వైద్యుని సలహాతో మాత్రలు తీసుకోవాలి.

జాగ్రత్తలు

* ఎడతెగని అలసట ఉన్నవారు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ పరీక్షలు చేయించుకోవాలి. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు దీర్ఘకాలం వాడరాదు. శరీరంలో అధికంగా చేరిన ఇనుము స్వయంగా ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతుంది.
* బూజు పట్టిన, ముడుచుకొన్న వేరుశనగలో కాలేయానికి హాని చేసే అఫ్లాటాక్సిన్ ఉండవచ్చు. వేయించినా ఇది పూర్తిగా నశించదు. అటువంటి గింజలను ఏరివేయాలి.
* కొన్ని పొడులలో చీటీపై వ్రాయని నిషిద్ధ ఉత్ప్రేరకాలు కలిసే అవకాశం ఉన్నది. డోపింగ్ నిబంధనల ప్రకారం శరీరంలో కనిపించిన పదార్థానికి క్రీడాకారుడే బాధ్యుడు.
* విటమిన్లు నిషిద్ధం కాకపోయినా, ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా 12 గంటలలో 100 మిల్లీలీటర్లకు మించి సెలైన్ వంటి ద్రవాలను నరం ద్వారా ఎక్కించుకోవడం ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ నిబంధనలకు విరుద్ధం.
* పోటీ లేదా నియామక పరీక్ష రోజున కొత్త ఆహారం, కొత్త పానీయం ప్రయత్నించరాదు. సాధన కాలంలో అలవాటైన వాటినే తీసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* రాగి సంగటి
* కొర్రలు
* రక్తహీనత
* వడదెబ్బ
* జాతీయ పోషకాహార సంస్థ
* యల్లాప్రగడ సుబ్బారావు